బలం మాత్రల డబ్బా

నేను ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బాను. గుప్పిట్లో పట్టేంత ఒళ్ళు, ఆకుపచ్చ మూత, ఒంటిమీద కండలు పొంగించిన మగాడి బొమ్మ. ఫ్యాక్టరీలో పుట్టిన రోజే ఆ బొమ్మ నాకు అంటించారు. అది చూసే మనుషులు నన్ను బలం మాత్రల డబ్బా అన్నారు తప్ప, మూత తీసి లోపలేముందో చూసిన పాపాన పోలేదు. వాళ్ళని తప్పుపట్టను. పెళ్ళిసంబంధాలు కూడా వాళ్ళు అలాగే కుదుర్చుకుంటారు.

తణుకులో కరెంటాఫీసు గుమస్తా విశ్వపతిగారు నన్ను కొన్నారు. నాలోని అసలు మాత్రలు అయిపోయాక ఏ మెంతులో పోసి వంటింట్లో పెడతారనుకున్నాను. అంతకన్నా పెద్ద ఉద్యోగమే దొరికింది.

ఆయన భార్య హైమవతికి అప్పటికి కొన్నాళ్ళుగా దిగులు పట్టుకుంది. ఇదీ కారణమని చెప్పడానికి ఏమీ లేదు. కలిపిన అన్నం ముద్ద చేతిలోనే ఆరిపోయేది, ఆవిడ ఎటో చూస్తూ కూర్చునేది. విశ్వపతిగారు ఆవిణ్ణి రాజమండ్రిలో మానసిక వైద్యుడికి చూపించారు. తణుకులోనూ డాక్టర్లున్నారు, కానీ తెలిసినవాళ్ళ కళ్ళు కూడా ఉన్నాయి. వెళ్ళినప్పుడల్లా ఇరుగుపొరుగుకి గోదావరి స్నానానికని చెప్పేవారు. అంత భక్తిగల దంపతులు ఆ వీధిలో ఇంకెవరూ లేరని పేరొచ్చింది.

తెచ్చిన మాత్రల్ని అట్టల్లోంచి ఒక్కొక్కటే నొక్కి తీసి నాలో పోసి, అట్టల్ని చెత్తతో కలిపి తగలబెట్టేవారు. "మనసుకి మందంటే పిచ్చంటారు హైమా. బలానికంటే ఎవరూ ఏమీ అనరు" అనేవారు.

మాత్ర మంచిదే. పనిచేసింది. హైమవతి మళ్ళీ కూనిరాగాలు తీసింది, ఆవకాయ పెట్టింది, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేదని మొగుణ్ణి కోప్పడింది. ఆ కోపానికి ఆయన మురిసిపోయారు. నేను షోకేసులో గాజు బాతుల పక్కన కొలువుదీరాను.

ఇలా ఉండగా హైమవతికి మెట్టు జారి చీలమండ బెణికింది. సాయం చేస్తానని విశ్వపతిగారి అక్క సీతారత్నంగారు తాడేపల్లిగూడెం నుంచి దిగారు. ఆవిడ మనసు మంచిది. చేతిసంచితోనే చిక్కు. ఎప్పుడో ఎవరికో రాయగా మిగిలిన మాత్రలన్నీ అందులో ఉంటాయి. మాత్ర పారేస్తే అన్నం పారేసినంత పాపమని ఆవిడ నమ్మకం.

"మా ఆయన నడుం ఆపరేషనప్పుడు రాసినయ్యే ఇవి. నొప్పి దెబ్బకి పోద్ది" అని హైమవతికి ఇచ్చింది. తర్వాత ఆవిడ కన్ను నా మీద పడింది. "బలం మాత్రలు రోజుకొకటేంటే? ఎలా అయిపోయావో చూసుకున్నావా? నేనున్నన్నాళ్ళూ మూడేసి వేసుకో."

హైమవతి మొగుడి వైపు చూసింది. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. "ఒకటి చాల్లే అక్కా" అన్నారు పేపరు వెనకనుంచి.

"నీకేం తెలుసురా? బలం ఎక్కువై చచ్చినోళ్ళున్నారేంటి?"

ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు. హైమవతి వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పకూడదని ఇంట్లో ఒప్పందం. వదినగారు మంచినీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడితే మూడూ మింగింది.

రెండు మూడు రోజులకే హైమవతికి ఒళ్ళంతా చెమటలు, జ్వరం, వణుకు. కాళ్ళు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి. మంచం మీద కుదురుగా ఉండలేక ఏదేదో మాట్లాడుతోంది. సీతారత్నంగారు మిరపకాయలతో దిష్టి తీసి, ఇంకో బలం మాత్ర అందించబోయింది. భోజనానికి వచ్చిన విశ్వపతిగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. ఎందుకాపారో మాత్రం చెప్పలేదు. నన్ను జేబులో వేసుకుని ఆటో పిలిచారు.

"ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగింది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

"బలం మాత్రలేనండి" అన్నారాయన. పక్కనే అక్క ఉంది మరి.

"సరిగ్గా గుర్తుచేసుకుని చెప్పండి. ప్రాణం మీదకొచ్చేలా ఉంది."

"అవేనండి..."

నేను ఆయన గుండెకి ఆనుకుని ఉన్నాను. అది కొట్టుకునే కొట్టుడుకి నాలోని మాత్రలు గలగలలాడాయి. భార్య పోతుందేమోనని భయం, పరువు పోతుందేమోనని భయం. పెద్దమనిషి ఆ రెండిటినీ ఇంకా తూచుకుంటూనే ఉన్నాడు. నాకు నోరుంటే ఆ రోజు తిట్టిపోసేదాన్ని.

అంతలో హైమవతి ఆయన్ని చూసి, "మీరెవరండీ? మా ఆయన్ని పిలవండి" అంది.

విశ్వపతిగారు నన్ను తీసి బల్ల మీద పెట్టారు. "ఇవి బలం మాత్రలు కావమ్మా. దిగులుకి వాడేవి. రోజుకి ఒకటి వెయ్యమంటే మూడేసి వేశాం. పైన నొప్పి మాత్రలు కూడా" అని అక్క ముందే, వార్డంతా వినేలా ఏడుస్తూ చెప్పారు.

ఆయన మందు పేరు చెప్పారు, సీతారత్నంగారు చేతిసంచిలోంచి నొప్పి మాత్రల అట్ట తీసి ఇచ్చింది. డాక్టరమ్మ రెండూ చూసింది. "ఇవి రెండూ కలవకూడదండీ" అంటూనే నర్సుని కేకేసి, మంచం దగ్గరికి పరుగెత్తింది.

మర్నాడు పొద్దున హైమవతి కళ్ళు తెరిచి విశ్వపతిగారిని తేరిపార చూసింది. "గుండీలు మళ్ళీ తప్పు పెట్టుకున్నారు" అంది. ఆయన గుండీలన్నీ విప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక హైమవతి నా మీది కండల మగాణ్ణి గోటితో గీకి పారేసింది. రాజమండ్రి డాక్టరు చూసి మార్చి రాసిన మాత్రలు ఇప్పుడు వాటి అట్టల్లోనే, షోకేసులోనే ఉంటున్నాయి. నేను ఖాళీ అయ్యాను.

సీతారత్నంగారు ఊరికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగింది. "హైమా, ఆ డాక్టరు ఎక్కడ కూర్చుంటాడే?"

"ఎవరికి వదినా?"

"మా వైపు ఒకావిడకిలే. పొద్దున్న లేవబుద్ధి కాదంట. ఊరికే ఏడుపొస్తదంట." గొంతు తగ్గించింది. "మా ఇంట్లో గ్యాసు మాత్రల డబ్బా ఒకటి ఖాళీగా ఉంది. అందులో పోసుకుంటే ఎవరికీ తెలీదు."

హైమవతి కుంటుకుంటూ లోపలికెళ్ళి, బోసి ఒంటితో ఉన్న నన్ను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "మళ్ళీ డబ్బాలెందుకు వదినా? దీన్ని చూసి నాకేమైందో గుర్తుపెట్టుకో చాలు. ఇద్దరం కలిసే వెళ్దాం పద" అంది.

రాజమండ్రి బస్సులో నేను సీతారత్నంగారి చేతిసంచిలో ఉన్నాను. ముందు సీటావిడ వెనక్కి తిరిగి ఎక్కడికని అడిగింది.

"గోదావరి స్నానానికండి" అంది సీతారత్నంగారు.

"డాక్టరు దగ్గరికండి. దిగులుకి" అంది హైమవతి.

ముందు సీటావిడ చప్పున అటు తిరిగిపోయింది. కొవ్వూరు దాటి బస్సు గోదావరి వంతెన మీదికి ఎక్కాక మెల్లిగా వెనక్కి వంగి, "ఏ డాక్టరండీ?" అంది.