గిన్నె అడుగున పేరు

వెర్నా వీమ్స్ పక్కింటివాళ్ళ గిన్నె తోమి, తుడిచి, దాంట్లో పెట్టి పంపడానికి కేకు చేస్తోంది. ఆ ఊళ్ళో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపరు. గిన్నెల అడుగున గోళ్ళరంగుతో ఇంటిపేరు రాసి ఉంటుంది కాబట్టి, ఎవరైనా పోయినప్పుడో పురుడప్పుడో ఇంటినిండా గిన్నెలు వచ్చిపడ్డా ఏది ఎవరిదో తెలిసిపోతుంది. తిప్పి పంపడం ఆలస్యమైతే బద్ధకమనుకుంటారు. అసలు పంపకపోతే మాత్రం, ఇక మీకూ మాకూ చెల్లు అన్నట్టే.

మనవరాలు కెమిల్ నిండు పొట్ట మీద చేతులు వేసుకుని వంటింటి కుర్చీలో వెనక్కి ఒరిగింది.

"నానమ్మా, నీకో మాట చెప్పాలి. ముందు ఆ గరిటె కింద పెట్టు."

"చేతిలో గరిటె ఉంటే నా చెవులు పనిచెయ్యవా?"

"బిడ్డకి పేరు ఖాయం చేశాం."

వెర్నా గరిటె కింద పెట్టలేదు కానీ కలపడం ఆపింది. ఇన్ని నెలలుగా ఆవిడ ఈ విషయంలో నోరు తెరవలేదు. తొలిచూలు బిడ్డకు తల్లి పుట్టింటివాళ్ళ ఇంటిపేరునే పేరుగా పెట్టడం అలబామా తీరంలోని ఆ ఊరికి తాతలనాటి ఆనవాయితీ. ఒకప్పుడు మగపిల్లలకే పెట్టేవారు. ఇప్పుడు ఆడపిల్లలకూ పెడుతున్నారు. బడిలో టీచరు మెరిట్ అనో హాలిస్ అనో పిలిస్తే, లేచి నిలబడేది పిల్లో పిల్లాడో చూస్తేగానీ తెలియదు. అయితే నా పేరు పెట్టండి అని ఎవరూ అడగరు. ఇస్తే పుచ్చుకోవాలి. అడిగి పెట్టించుకోవడం చుట్టాలింట్లో మారు వడ్డించమని కంచం చాపడం లాంటిది.

"మీ నాన్న ఇంటిపేరేగా? వీమ్స్" అంది, గొంతు మామూలుగా ఉంచడానికి కష్టపడుతూ.

"బాబోయ్, వద్దు. వీమ్స్ అని కేకేస్తే నాన్న పలుకుతాడు, సమాధిలోంచి తాతయ్యా పలుకుతాడు. పైగా ముక్కు చీదినట్టుంటుంది. టాలివర్ అనుకున్నాం నానమ్మా. పిల్లైనా పిల్లాడైనా అదే. నీ పుట్టింటి పేరు."

వెర్నా అప్పుడు కూర్చుంది. తమ్ముడు రాస్కో పెళ్ళి చేసుకోకుండానే పోయాడు. ఆ తర్వాత ఊళ్ళో టాలివర్ అని పిలిస్తే పలికేవాళ్ళు లేరు. ఆ పేరు మళ్ళీ ఒక పసిబిడ్డకు వస్తుందంటే ఆవిడకు ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ వెచ్చదనం ఎంతోసేపు నిలవలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"ముందు నీకే. ఏంటా మొహం? నచ్చలేదా?"

"నచ్చకేం. కానీ రాస్కో సంగతి నీకు తెలుసుగా."

"పడవ మునిగింది. ఒకాయన పోయాడు. అది తుఫాను తప్పు నానమ్మా, ఆయనదెలా అవుతుంది?"

"తుఫాను మీద కోపం పెట్టుకుని ఎన్నాళ్ళని బతుకుతారే? కోపానికో మనిషి కావాలి. ఒనీడా గాస్కిల్‌కి రాస్కో దొరికాడు."

"మిస్ ఒనీడాకా? చర్చిలో నాకు పిప్పరమెంట్లు ఇచ్చేది!"

"నీకిచ్చింది. నువ్వు వీమ్స్ పిల్లవి కాబట్టి."

అప్పుడు జరిగింది ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. రాస్కో టాలివర్ పడవలో ఒనీడా మొగుడు లెమ్ పనిచేసేవాడు. ఆ రోజు ఆకాశం నల్లబడింది, వెనక్కి పోదామని లెమ్ అన్నాడు. రొయ్యలు బాగా పడుతున్నాయి, ఇంకొక్కసారి వల దించుదామని రాస్కో అన్నాడు. ఐసుపెట్టె మూత పట్టుకుని రాస్కో ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. లెమ్ రాలేదు. ఇంకొక్కసారి అన్న మాట సంగతి రాస్కోనే ఒనీడా దగ్గరికి వెళ్ళి చెప్పాడు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆ తర్వాత రాస్కో వేరే పడవ తెచ్చుకున్నా అందులో పనికి ఎవరూ రాలేదు. అతన్ని ఎవరూ ఒక్క మాటా అనలేదు. పలకరింపులు మాత్రం పొట్టివైపోయాయి.

ఆ మర్నాడే వెర్నా తన తల్లి వాడిన నీలం అంచు పింగాణీ గిన్నెలో కోడిమాంసం, అన్నం కలిపి వండి ఒనీడా ఇంటికి తీసుకెళ్ళింది. చిన్నప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకటే జట్టు. ఒకళ్ళింట్లోకి ఒకళ్ళు వంటింటి గుమ్మంలోంచే వెళ్ళేవాళ్ళు. ఆ రోజు ఒనీడా గుమ్మంలోనే గిన్నె అందుకుని తలుపు వేసుకుంది. ఆ గిన్నె మళ్ళీ రాలేదు.

ఆ ఏడాదే వెర్నాకు తొలి కొడుకు, కెమిల్ వాళ్ళ నాన్న, పుట్టాడు. ఆనవాయితీ ప్రకారం టాలివర్ అని పెట్టాలి. డ్యూయీ అని పెట్టింది. రాస్కో ఉయ్యాల దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, "మంచి పేరక్కా" అన్నాడు. ఆ మాట వెర్నాకు ఇప్పటికీ వంట చేస్తూ ఉండగా గుర్తొస్తుంటుంది.

"ఒనీడాని అడిగి వస్తాను. అంతదాకా ఎవరికీ చెప్పకు" అంది కెమిల్‌తో.

"మన బిడ్డకి మనం పేరు పెట్టుకోడానికి ఆవిడ పర్మిషనా?"

"చర్చిలో, కొట్లో, వీధిలో రేపట్నుంచీ ఆ పేరు వినాల్సింది ఆవిడే తల్లీ. వద్దంటే వద్దు. ముక్కు చీదినట్టున్నా వీమ్సే పెట్టుకుందువుగాని."

ఒనీడా అరుగు మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. వెర్నాను చూసి లేవలేదు.

"రండి మిస్ వెర్నా. ఎవరు పోయారు?"

"పోవడం కాదు, వస్తున్నారు. మా కెమిల్‌కి నెలలు నిండాయి."

"చూశాను. చర్చిలో పడవలాగ ఊగుతూ నడుస్తోంది."

వెర్నా ఎదురుగా కూర్చుని, అలవాటుకొద్దీ గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఒనీడా వద్దనలేదు. గింజల గిన్నెను మాత్రం తన వైపుకు కాస్త జరుపుకుంది.

"బిడ్డకి మా పుట్టింటి పేరు పెడతానంటోంది."

"ఏం పేరు?"

"తెలిసీ అడుగుతావేంటి?"

"మీ నోటితో వినాలని."

"టాలివర్."

ఒనీడా చేతిలోని కాయను నిదానంగా చీల్చింది. గింజలు తీసింది, తొక్క బుట్టలో వేసింది.

"మరి నాకెందుకు చెబుతున్నారు? నేను పాస్టర్నా?"

"నువ్వు కాదంటే పెట్టరు. నేను పెట్టనివ్వను."

"ఓహో! పెడితే నేను ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే పసిగుడ్డు పేరు కాజేసిన ముసలి ముండ ఒనీడా. బాగుందండీ తెలివి. రెండు వైపులా నేనే దొరికాను."

వెర్నాకు ఇది తట్టనే లేదు. మంచి పనిచేస్తున్నాననుకుంటూ ఇంతదూరం వచ్చింది.

"అలా అనుకోలేదు ఒనీడా."

"మీరనుకోరు. ఆ పేరు పెట్టి నేనెన్ని తిట్లు తిట్టానో మా ఇంటి గోడలకి తెలుసు. ఇప్పుడు అదే పేరుకి ఉయ్యాల కట్టి, జోలపాడమంటారు."

"పాడమనలేదు. అడిగి వెళదామని వచ్చాను. పొరపాటైతే మన్నించు."

"గింజలు తొక్కతో సహా వేస్తున్నారు చూడండి. వదిలెయ్యండి, నేను చూసుకుంటాను."

వెర్నా చేతులు దులుపుకుని లేచింది. ఒనీడా ఔననలేదు, కాదనలేదు. ఔనని చెప్పనప్పుడు కాదన్నట్టే అనుకుంటూ ఇంటికి నడిచింది.

ఆ వారంలోనే కెమిల్‌కు ఆడపిల్ల పుట్టింది. నర్సు బిడ్డ పేరు అడిగిన ప్రతిసారీ కెమిల్ నానమ్మ వైపు చూసేది. నానమ్మ కిటికీలోంచి బయటికి చూసేది. ఆఖరికి, "వీమ్స్ అనే పెట్టుకో తల్లీ. విని విని అలవాటైపోతుంది" అంది.

"నా కూతుర్ని నేను ముక్కు చీది పిలవను. ఇంటికెళ్ళాక చూద్దాం" అంది కెమిల్.

ఇంటికి వచ్చిన రోజు నుంచీ గిన్నెలు రావడం మొదలైంది. వీధి తలుపు దగ్గర వెర్నా అందుకోవడం, థాంక్సులు చెప్పుకోవడం, బిడ్డ పేరేమిటంటే "ఆలోచిస్తున్నారండి" అనడం. మధ్యాహ్నం కాస్త సందడి తగ్గి, కాళ్ళు చాపుకుందామనుకుంటే, ఎవరో వంటింటి తలుపును కాలితో తన్నారు.

"ఏమే, తలుపు తియ్యి! చేతులు కాలుతున్నాయి!"

తలుపు తీస్తే ఒనీడా. చేతుల్లో గుడ్డ చుట్టిన గిన్నె. గుడ్డ కింద నీలం అంచు.

ఒనీడా వెర్నాను భుజంతో పక్కకు నెట్టి, గిన్నెను బల్ల మీద పెట్టి, చేతులు ఊదుకుంది.

"కోడి, అన్నం. ఉప్పు ఎక్కువేశాను. ఆ రోజు నువ్వూ ఎక్కువే వేశావు."

"నీకెలా తెలుసు? పారేశావనుకున్నాను. కుక్కలకి పెట్టావనుకున్నాను."

"పారెయ్యలేదే. తిన్నాను." ఒనీడా కుర్చీ లాక్కుని కూర్చుంది. "అప్పటికి లెమ్ ఇంకా దొరకలేదు. జనం ఇంకా ఒడ్డున వెతుకుతూనే ఉన్నారు. నాకేమో ఆకలేసింది. నువ్వు తెచ్చిన గిన్నె ముందేసుకుని, గరిటెతో, నిలబడి, మొత్తం తినేశాను. మొగుడు నీళ్ళలో ఉంటే అన్నం అడుగంటా గీక్కుని తిన్న ఆడదాన్ని నేను. తర్వాత ఆ గిన్నె చూస్తే చాలు, నా మీద నాకే అసహ్యం. నీ మొహం చూసినా అదే గుర్తొచ్చేది. మీ తమ్ముడి మీద కోపమంటే నలుగురూ ఒప్పుకున్నారు. ఆకలేసినందుకు కోపమంటే ఎవరు ఒప్పుకుంటారు?"

వెర్నా గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒనీడా సగం తాగింది.

"మీ తమ్ముడి మీద కూడా ఉందిలే కోపం. పూర్తిగా పోలేదు. పోతుందని చెప్పడానికి రాలేదు నేను."

"సరే."

"బిడ్డేది?"

కెమిల్ లోపల్నుంచి బిడ్డను తెచ్చి ఒనీడా చేతుల్లో పెట్టింది. ఒనీడా ఎగాదిగా చూసింది.

"ముక్కు మీవాళ్ళదే, పాపం. పేరేంటి?"

కెమిల్ నానమ్మ వైపు చూసింది.

"ఇంకా పెట్టలేదు" అంది వెర్నా.

"ఇన్నాళ్ళుగా పేరు లేకుండా పడుకోబెట్టారా? సిగ్గులేకపోతే సరి. గిన్నె తిప్పి చూడవే."

"నిండుగా ఉన్న గిన్నెని ఎలా తిప్పమంటావు?"

"అయితే తినండి ముందు. పెట్టుకోండి. నాకూ పెట్టు."

ముగ్గురూ తిన్నారు. ఉప్పు ఎక్కువే. కెమిల్ రెండుసార్లు వడ్డించుకుంది. ఒనీడా బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తింటూ, నీళ్ళు అడిగి అడిగి తాగింది. ఆఖరి ముద్ద కెమిల్ కంచంలో పడ్డాక వెర్నా గిన్నెను తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, వేడినీళ్ళు పోసి కడిగి, బోర్లించింది.

వెర్నా వాళ్ళమ్మ రాసిన ఇంటిపేరు అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయి ఉండాలి. వెలిసినచోట వాటి మీదే, వంపు తప్పకుండా, ఎర్రటి గోళ్ళరంగు కొత్తగా దిద్ది ఉంది. ఒకచోట రంగు పక్కకు పాకింది. దాన్ని తుడిచి మళ్ళీ రాసినట్టుంది. తడి తగిలినా రంగు వాసన ఇంకా పోలేదు.

"చదివావా?" బల్ల దగ్గర్నుంచి ఒనీడా అడిగింది.

"చదివాను."

"ఏం రాసుందో చెప్పు మరి. నీ నోటితో వినాలి. దానికీ వినపడేట్టు చెప్పు."

వెర్నా గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, తొట్టి వైపే తిరిగి నిలబడి, మెల్లగా చెప్పింది.

"వినపడలేదంటోంది మీ మనవరాలి కూతురు" అంది ఒనీడా. ఆ పైన తలవంచి, అలవాటులేని మెట్టు మీద కాలు మోపుతున్నట్టు, ఆ పేరు తనే ఒకసారి పలికింది.