ఇంటిగుడ్డ

హేమలత సంచి సర్దుకుంటుంటే కదిరమ్మ గడప మీద కూర్చుని చూస్తూ ఉంది. చూడకూడదనుకుంటూనే చూస్తూ ఉంది. మూడు చీరలు, ఒక దువ్వెన, దారాలు తెంపుకునే చిన్న కత్తెర, ఆధార్ కార్డు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు. అంతే. మనిషి ఇల్లు విడిచిపోవడానికి ఇంత తక్కువ సామాను చాలునా అనుకుంది ముసలామె. ఎక్కువ సామాను మోసుకుపోయేవాళ్లు తిరిగొస్తారు, వట్టి చేతులతో పోయేవాళ్లే రారని ఆమెకొక నమ్మకం. ఎన్నో చూసింది మరి.

"ఆ పచ్చచీర యాల పెట్టినావు? పాతది గదా."

"హాస్టల్లో రాత్రిళ్లు కట్టుకోను పనికొస్తాది అత్తా."

"ఇంగా బస్సన్నా ఎక్కలేదు, అప్పుడే ఆ ఊరి మనిషివైపోతివి."

హేమలత నవ్వింది గానీ చేతులు ఆపలేదు. ఆమె కదిరమ్మకు కోడలు. కొడుకు కుళ్లాయప్ప పోయి మూడేళ్లయింది. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్లు సందుకొకటి ఉన్నాయి. కుళ్లాయప్పది మాత్రం కుట్టుపని కాదు, కొత్త ప్యాంటును పాతదిగా చేసే పని. మోకాళ్ల మీద, తొడల మీద మందు కొడితే అక్కడ రంగు విరిగి, ఎన్నో ఏళ్లు తొడిగినట్టు కనపడుతుంది. అట్లా కనపడితేనే పట్నాల్లో గిరాకీ అట. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఏళ్ల తరబడి మందు కొట్టాడు. దగ్గు పట్టుకుంది. ఆ దగ్గుతోనే పోయాడు.

హేమలత ఇంకో షెడ్డులో జేబులు కుట్టేది. ఉగాది పోయాక ఆర్డర్లు లేవని ఓనరు షట్టరు దించేశాడు. పుట్టింటికి, నల్లమాడకు పోదామంటే అక్కడ వేరుశెనగ చేను ఎండి అన్నావదినలే కూలికి పోతున్నారు. ఇక మిగిలింది బెంగళూరు దగ్గర పెద్ద ఫ్యాక్టరీ. హాస్టల్లో ఉండాలి. గేటుకు తాళం వేస్తారు, ఆదివారం మాత్రమే బయటికి వదులుతారు.

"జైలుకు పోతా పోతా దువ్వెన గూడానా" అన్నది కదిరమ్మ.

"ఈడ మాత్రం ఏముండాది అత్తా?"

కదిరమ్మ ఉంది, అంతే. అది జవాబు కాదని ఆమెకు తెలుసు.

అప్పుడే పక్కింటి మల్లీశ్వరి ఎవరో అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి వాకిట్లోకి రాకముందే గోడ దగ్గర ఆగి, గోడ మీద ఆరేసిన బొంతను తిప్పి తిప్పి చూసింది. పైన నీలం జీన్సు ముక్కలు, కింద జేబులకు వాడే తెల్లగుడ్డ ముక్కలు, వడ్లగింజంత కుట్లు.

"ఇది ఎవరు కుట్టారమ్మా?"

"నేనే. గోడ మీద ఆరేసింటే ఎవురికన్నా అడ్డమా?"

"అడ్డం కాదమ్మా. బాగుంది. ఈ ముక్కలు ఎక్కడివి?"

మల్లీశ్వరి అందుకుంది. "షెడ్ల ముందర కుప్పలేస్తారు మేడం. కొన్ని కాలుస్తారు. కాల్చంగా మిగిలినేవి గాలికి పోయి కంపచెట్లకు చిక్కుకుంటాయి. మా మేకపిల్ల ఒకటి తిని సచ్చింది గూడా. కదిరక్క ఒక్కతే ఏరకచ్చి కుడతాది. మేమంతా నవ్వుతాంటిమి, ఇంగ ఈమె కొండను గూడా కప్పేస్తాది అని."

ఆ అమ్మాయి పేరు పద్మప్రియ. వాళ్లది ధర్మవరం, మగ్గాల ఇల్లు. బెంగళూరులో ఒక చిన్న బట్టల కంపెనీలో పని. షెడ్లలో పారేసే గుడ్డతోనే సరుకు చేయించి అమ్ముతారట. మందు కొట్టిన గుడ్డ ముట్టరట. కుట్టేవాళ్లు ఇంటిపట్టునే ఉండి, ఒళ్లు బాగున్నప్పుడు కుట్టవచ్చునట. ఒక్క ప్యాంటు వెనుక వేల లీటర్ల నీళ్లుంటాయనీ, పత్తి పండించే దగ్గర నుంచి రంగు ఉతికే దాకా లెక్కేస్తే అంతవుతుందనీ చెప్పింది.

కదిరమ్మ వాకిట్లో వరుసగా పెట్టిన ఖాళీ బిందెల వైపు చూసింది. "వేల లీటర్లా? మాకు ట్యాంకరు వారానికొకతూరి వస్తే పండగ. ఆ నీళ్లంతా ఈ కుప్పల్లో పడి కాలిపోతాండాయా తల్లీ?"

"అవునమ్మా. అందుకే వచ్చాను."

హేమలత సంచి వదిలేసి వచ్చి నిలబడింది. "మందు కొట్టినేవి నిజంగా కొనరా మేడం? దుడ్లు తక్కువకు ఇస్తామన్నా?"

"ఊరికే ఇచ్చినా తీసుకోం."

హేమలత లోపలికి పోయి చీరలు తీసి దండెం మీద వేసింది. "రవంత దినాలు చూస్తా అత్తా" అన్నది. కదిరమ్మ చెవికి మాత్రం 'ఉంటా' అన్నట్టే వినపడింది.

కదిరమ్మ పుట్టింటివాళ్లలో ఒక పద్ధతి ఉంది. బొంతను ఉత్త కొత్తగుడ్డతో కుట్టరు. తలవైపు మూలలో, పొరల మధ్యన, ఇంట్లోవాళ్లు కట్టి విడిచిన గుడ్డముక్క ఒకటి పెడతారు. ఎవరు ఇంట్లో నిలవాలనుకుంటారో వాళ్లది. దానికి పసుపూ కుంకుమా అద్ది, పైకి కనపడకుండా కుట్టేస్తారు. దాన్ని ఇంటిగుడ్డ అంటారు. కుళ్లాయప్ప దగ్గుతున్న ఏడాది ఆ ఇంట్లో బొంత కుట్టలేదు. కుట్టడానికి ఎవరికి తీరింది? ఆస్పత్రి వరండాల్లోనే కాలం గడిచిపోయింది. ఆ ఒక్క ఏడాదీ కుట్టి ఉంటే అన్న ఆలోచన కదిరమ్మను పగలూ రాత్రీ తొలుస్తూనే ఉంది. అవన్నీ ఉత్తవని ఒక మనసు చెప్పేది. ఉత్తవైతే పెట్టడానికి నీకేం నొప్పి అని ఇంకో మనసు అనేది.

ఆమె దండెం మీది పచ్చచీర తీసి, అటకెక్కించిన మూటలో దాచింది. తర్వాత ఒక్కొక్క ముక్కే కోసింది.

పద్మప్రియ అడిగిన బొంతల పని వాకిట్లో సాగింది. మల్లీశ్వరి, ఎదురింటి ఎస్తేరు, హేమలత ముక్కలు ఏరి అతికేవారు. తలవైపు మూల మూసే పని మాత్రం కదిరమ్మ ఎవరినీ చేయనిచ్చేది కాదు.

"ఆ మూలలో బంగారమేమన్నా దాస్తాండావా కదిరక్కా?" అని ఎస్తేరు ఎగతాళి చేసేది.

"నీ నోరు కుట్టేది మిగిలిపోయింది, ఉండు, దారం మిగిల్తే అదీ కుడతా."

అందరూ నవ్వేవారు. దాహమైతే లేచి నీళ్లు తాగొచ్చు, నడుము పట్టేస్తే గోడకు ఆనుకోవచ్చు. షెడ్డులో చెంబట్టుకుని పోవాలన్నా సూపర్‌వైజరు మొహం చూడాల్సి వచ్చేదని మల్లీశ్వరి తలుచుకుని తలుచుకుని తిట్టేది. వీధి మొదట్లో కుప్ప తరిగింది. సాయంత్రాలు వచ్చే మాడువాసన తగ్గింది.

అయినా కదిరమ్మకు నెమ్మది లేదు. హేమలత ఫోనులో పద్మప్రియతో మాట్లాడటం మొదలుపెట్టింది. బెంగళూరులో ముక్క మిగలకుండా గుడ్డ కత్తిరించే విద్య ఒకటి నేర్పుతున్నారట. ఆ బొమ్మలు ఫోనులో వచ్చేవి. హేమలత నేల మీద సుద్దతో గీతలు గీసి, చెరిపి, మళ్లీ గీసేది. ఆ గీతలు దాటడానికి కూడా కదిరమ్మకు భయమేసేది. కోడలు అంగడికి పోయి ఆలస్యమైతే వీధి మలుపులో నిలబడేది. "ఎవురితో మాట్లాడినావు? ఏమన్నారు?" అని అడిగేది. హేమలత మొదట్లో జవాబు చెప్పేది. రానురాను తల మాత్రం ఊపేది.

మొదటి మూట బెంగళూరు పోయింది. కొద్దిరోజులకే ఆ మూటతోనే పద్మప్రియ తిరిగి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. ఒక బొంత విప్పి తెల్లవైపు చూపించింది. మూలలో అరచేతి వెడల్పున పసుపూ ఎరుపూ కలిసిన మరక.

"ఉతికి చూస్తే ఇట్లా దిగిందమ్మా. అన్నిట్లోనూ అదే మూల. లోపల ఏముంది?"

ఎస్తేరు, మల్లీశ్వరి కదిరమ్మ వైపు చూశారు. హేమలత కత్తెర తీసి మూల కుట్లు తెంపి, రెండు వేళ్లతో లోపల ఉన్నది లాగింది. పచ్చగుడ్డ. దాని అంచు మీద చిన్న చిన్న మామిడిపిందెలు.

"ఇది నా చీర" అన్నది.

ఇంకో బొంత తెంపింది. అందులోనూ అదే.

కదిరమ్మ తమ పద్ధతి చెప్పింది. పద్మప్రియ శ్రద్ధగా విన్నది.

"మంచి పద్ధతే కావచ్చమ్మా. కానీ షెడ్లలో మిగిలిన గుడ్డ తప్ప ఇందులో ఇంకేమీ లేదని మేం చీటీ కట్టి అమ్ముతాం. ఇది పెట్టి అట్లా చెబితే అబద్ధమవుతుంది."

"పారేసినేది ముద్దు, కట్టుకున్నేది ఎంగిలా? కొత్తదాన్ని పాతదని అమ్మితే కొంటారే, నిజంగా పాతదుంటే యాల పనికిరాదు?"

"అట్లా అమ్మేవాళ్ల మాదిరి కాకూడదనే కదమ్మా మా పాట్లు. పైకి చెప్పేది ఒకటి, లోపల ఉండేది ఒకటి కాకూడదు. ఈ ముక్కలు తీసేసి మళ్లీ మూసి ఇవ్వండి. అన్నీ తీసుకుంటాం. రేపు సాయంత్రం దాకా నేను ఊళ్లోనే ఉంటాను."

ఆమె పోగానే కదిరమ్మ మూట మీద చేయి వేసి, "తీయను" అన్నది.

మల్లీశ్వరికి కోపం నషాళానికెక్కింది. "తీయకుండా ఏం చేస్తావు? మేమంతా నడుములు ఇరగ్గొట్టుకుంటిమే! నీ కోడలు ఉండల్లని మా నోట్లో మన్ను కొడతావా?"

"నీకు తెలీదు మే. లోపల పెట్టినేది తీసేది ఎప్పుడో తెలుసునా? ఆడబిడ్డను అత్తగారింటికి సాగనంపేటప్పుడు. మా అమ్మ నా గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. దాని తర్వాత ఆ ఇంట్లో నేను ఒక్క నెల గూడా నిలిచింది లేదు."

"అయితే నీ గుడ్డముక్కలు నువ్వే కప్పుకో!" అని మల్లీశ్వరి విసవిసా వెళ్లిపోయింది. ఎస్తేరు ఆమె వెనకే పోయింది.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అట్లా అయింది కదిరమ్మ పని. తీస్తే కోడలు పోతుంది. తీయకపోతే పని పోతుంది, పనితోపాటు కోడలూ పోతుంది. ఎటు తిరిగినా ఒకటే గోడ. మూటను ఒళ్లోకి లాక్కుని అట్లాగే కూర్చుండిపోయింది.

హేమలత ఎదురుగా వచ్చి కూర్చుంది. అరవలేదు. అరిచి ఉంటే కదిరమ్మకు తేలికగా ఉండేది.

"అత్తా, ఎన్ని బొంతల్లో పెట్టినావు నన్ను?"

"అన్నిట్లో."

"ఒకదాన్లో పెడితే చాలదా?"

"ఒకటి చినిగిపోతే?"

హేమలతకు నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే కండ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయన పోయినాక నువ్వు నన్ను పొమ్మనలే. అందురూ పొమ్మన్నారు. నీ తావ పెట్టుకున్నావు. అది నేను మర్సిపోను. కానీ వీధి చివరికి పోతే నువ్వు నిలబడింటావు. ఫోనెత్తితే నువ్వు చూస్తాంటావు. షెడ్డులో షట్టరు దించుతాండిరి, సాయంత్రమైతే ఎత్తుతాండిరి. ఈడ ఎత్తేదే లేదు అత్తా. నాకు ఊపిరాడ్తాండ్లేదు."

ఊపిరాడటం లేదన్న మాట ఆ ఇంట్లో ఇంతకుముందు ఒక్కడే అన్నాడు. కదిరమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఎముకలు తేలిన చెంపలు, ముప్పై దాటని మొహం.

"కత్తెర ఇట్లియ్యి" అన్నది.

"నేను తీస్తాలే అత్తా."

"నువ్వు తీయకూడదు. పెట్టినోళ్లే తీయల్ల."

ఎండ వాలేదాకా ఇద్దరూ కూర్చున్నారు. హేమలత బొంత అంచు పట్టుకుంటే కదిరమ్మ కుట్లు తెంపి, పచ్చముక్క తీసి, మొహం చూడకుండా కోడలి ఒళ్లో పెట్టేది. మరకపడిన తెల్లగుడ్డ కోసి వేరే ముక్క అతికి మూసేది. కొన్నిటి దగ్గర ఆమె చేయి ఆగిపోయేది. హేమలత తొందరపెట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఎస్తేరు వచ్చి సూది అందుకుంది. కాసేపటికి మల్లీశ్వరీ వచ్చి, "సంగటి తిన్నారా లేదా, ఇద్దురూ దయ్యాల మాదిరుండారు" అని తిడుతూ కూర్చుంది.

సాయంత్రానికి మూట పోయింది. పది దినాలకు కబురు వచ్చింది, అన్నీ తీసుకున్నారనీ, ఇంకా కావాలనీ. వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్లు పనిలో చేరారు. కుప్ప తగలబెట్టడం ఆగిపోయింది. ఇక పోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. కదిరమ్మ నోరు తెరిచి ఆ మాట అనలేదు గానీ, ప్రతి పూటా అనుకుంది.

ఆ కబురుతోపాటే ఇంకొకటి కూడా వచ్చింది. కత్తిరింపు నేర్చుకోవడానికి హేమలత వస్తుందా అని పద్మప్రియ అడిగింది. వస్తానని హేమలత ఆ పూటే చెప్పేసింది. చెప్పాకే కదిరమ్మకు చెప్పింది.

"నేర్సుకుని యాం చేస్తావు?"

"ముక్క మిగలకుండా కత్తిరిస్తా. కుప్పే లేకుంటే కాల్చేది గూడా ఉండదు గదా."

మల్లీశ్వరి పళ్లికిలించింది. "నువ్వు ముక్క మిగల్చకపోతే మేం బొంతలు దేంతో కుట్టల్లమ్మే? మా పొట్ట కొట్టేకి పోతాండావన్నమాట."

"అంత బిన్న, రేపో మాపో మిగలకుండా పోవులే అక్కా. మన మనవరాండ్ల దాకా ఉండాయి కుప్పలు."

"నెలకొకతూరి వస్తావా?" అని కదిరమ్మ అడిగింది.

"వస్తా అత్తా."

వద్దన్న మాట కదిరమ్మకు నోటిదాకా వచ్చింది. పమిట కొంగుతో నోరు తుడుచుకుని, రొట్టెలు కాల్చడానికి లోపలికి పోయింది. హేమలత బయల్దేరిన రోజు బస్టాండు దాకా ఆమె వెంట మల్లీశ్వరి వెళ్లింది. కదిరమ్మ వీధి మలుపు దాకా కూడా పోలేదు. వాకిట్లో కూర్చుని, దారం ఎక్కించడానికి సూది బెజ్జాన్ని వెలుతురుకు పట్టి వెతుక్కుంటూ ఉంది.

మొదట్లో హేమలత వారానికి రెండుసార్లు ఫోను చేసేది. తర్వాత పండగలకు. తర్వాత పద్మప్రియే అప్పుడప్పుడూ చెప్పేది, బాగుందని, ఆమె కింద ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్నారని.

హేమలత బెంగళూరు బస్సెక్కింది రెండు వేల ఇరవై మూడు, శ్రావణమాసం, రెండో శుక్రవారం. మళ్లీ రాలేదు.