మామగారి పేజీ

మంత్రిగా చేసి పోయిన పెద్దాయన జీవితచరిత్ర తొమ్మిది వందల పేజీలు. పొట్టమీద పెట్టుకుంటే ఊపిరాడదు. అలాంటి పుస్తకాన్ని మామగారికి రోజూ పడుకునే ముందు చదివి వినిపించే పని కోడలి నెత్తిన పడింది. ముసలాయనకు చూపు పోయింది, కొడుకుకేమో రాత్రి డ్యూటీలు. ఇంకెవరున్నారు, అయిదో తరగతిలో బడి మానేసిన ఈ పిల్ల తప్ప?

మామగారు ఆ పెద్దాయన దగ్గర కారు డ్రైవరుగా చేశాడు. పుస్తకం రాసినాయన ఇంటికొచ్చి, ఈ మంచం పక్కనే కూర్చుని, వంతెన కూలిన రాత్రి సంగతంతా అడిగి రాసుకెళ్ళాడు. అప్పటినుంచి ముసలాయన కాలు నేలమీద ఆనలేదు. తన గురించి పుస్తకంలో పడుతుందని వీధంతా చాటింపు వేశాడు. చచ్చేలోపు ఆ ముక్కలు చెవిన పడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనేవాడు.

కోడలు కూడబలుక్కుని చదివేది. ఆయన ఊరుకుంటాడా? "ఎడ్లబండిలా ఏంటే ఆ చదువు? గేరు మార్చవే మొద్దూ," అనేవాడు. ఎవరైనా వస్తే చాలు, ఆమె తప్పుల్ని అచ్చం ఆమె గొంతుతో పలికి నవ్వించేవాడు. ఆమె మాత్రం రాత్రికి తడబడకూడదని, పగలు అన్నం ఉడికే లోపు పొయ్యి పక్కన కూర్చుని రాబోయే పేజీలు చదువుకునేది.

అలా చదువుకుంటుంటేనే మామగారి పేజీ కనబడింది. వానలో వంతెన కొట్టుకుపోతే, లైట్లు కూడా లేకుండా కారును వెనక్కి నడిపి పెద్దాయన ప్రాణం నిలబెట్టిన డ్రైవరని, పేరుతో సహా, కాగితానికి రెండువైపులా రాశాడు. ఆమెకు కళ్ళు చెమర్చాయి. రాత్రి వినిపిస్తే ముసలాయన మొహం ఎలా వెలుగుతుందో అనుకుంది.

ఆ సాయంత్రమే పక్కింటి టైలరు వచ్చి కూర్చున్నాడు. "మా కోడలు చదువుతుంటే పెద్దాయన మళ్ళీ చచ్చిపోతున్నట్టుంటుందయ్యా," అన్నాడు మామగారు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

రాత్రి ఆ చోటు వచ్చింది. కోడలు వేలు తడి చేసుకుని ఆ కాగితం చదవకుండానే తిప్పేసి, తరవాతి పేజీ అందుకుంది. ఒక్క మాట కూడా తడబడలేదు.

కొన్నాళ్ళకు పుస్తకం అయిపోయింది.

"అంతేనా?"

"అంతే మామయ్యా."

"నువ్వేమన్నా వదిలేశావేమో చూడమ్మా." ఆమెను అమ్మా అనడం అదే మొదలు.

"నాకేం వచ్చు మామయ్యా. టైలరు గారిని పిలవనా?"

ఆయన వద్దన్నాడు.

కానీ మర్నాడు టైలరు తనంతట తనే వచ్చి పుస్తకం అందుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని, నీ పేజీ ఎక్కడో చెప్పు, నేను చదువుతానంటూ కాగితాలు తిప్పసాగాడు. కోడలు తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది.

"కింద పెట్టవయ్యా," అన్నాడు ముసలాయన. "నా గురించి గొప్పగా రాశాడు. కోడలు వినిపించింది. కావాలంటే దాన్నే అడుగు."

టైలరు ఆమె వైపు చూశాడు.

"అవును బాబాయి గారూ. రెండు పేజీలు రాశాడు," అంది.

టైలరు వెళ్ళాక మామగారు తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నా పరువు కాపాడావు తల్లీ," అన్నాడు. ఆయన నిద్రపోయేదాకా ఆమె చెయ్యి తీసుకోలేదు. ఆ తరవాత స్టూలెక్కి పుస్తకాన్ని అటకమీద, పాత బకెట్ల వెనక్కి తోసేసింది.