అల్లుడుగారు బాగుచేసిన పొయ్యి

చలికోట్లు కుట్టే ఆ షెడ్డు నడిమధ్యన ఒక ఇనప కట్టెల పొయ్యి ఉంది. కట్టెలు మోసేది కుట్టేవాళ్లు. వెచ్చగా కాచుకునేది యజమాని. ఎందుకంటే పొగగొట్టం గోడలోంచి ఆయన గదిలోకి దూరి, బల్ల మీదుగా వంపు తిరిగి, అప్పుడుగానీ కప్పు దాటదు. ఆ వంపులో మసి గడ్డకట్టింది. దారి దొరకని పొగ వెనక్కొచ్చి షెడ్డులో పడుతోంది.

కుట్టేవాళ్లలో పెద్దదైన పెద్దక్కకు దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా చెయ్యి అదిరి కుట్టు పక్కదారి పడుతోంది. ఒక కోటుకు జేబు వీపున పడింది. ఈ వారం దాటితే ఇక రానక్కర్లేదని యజమాని కబురుపెట్టాడు. మొగుడు మంచాన ఉన్నాడు. ఆ కుట్టుమిషను పని పోతే ఇంట్లో గంజి కూడా కాగదు.

వంపు విప్పి దులిపితే పూటలో అయిపోయే పని. కానీ దులిపితే మసి యజమానిగారి కొత్త తివాచీ మీద పడుతుంది! అందుకని ఆయన పొయ్యిని ఏ పనీ లేని అల్లుడికి అప్పజెప్పాడు. అల్లుడు దానికి నల్లరంగు కొట్టించాడు. పొగకు రంగు కంపు తోడైంది. నోటి గాలికి మంట బెదురుతోందని, దాని దగ్గర ఎవరూ మాట్లాడొద్దన్నాడు. ఆఖరికి బాగైపోయిందన్నాడు. యజమాని షెడ్డు గుమ్మంలో నిలబడి, ముక్కు మూసుకుని, అవునన్నాడు. ఇక పొగ అన్నవాళ్లు తన అల్లుణ్ణి అవమానించినట్టేనని కూడా అన్నాడు.

పెద్దక్కకు ఒళ్లు మండింది.

"పొగ లేదంటున్నాడుగా," అంది గుడ్డ కత్తిరించే కత్తెరాయనతో. "లేకుండానే చేద్దాం."

"గొట్టం ముట్టుకుంటే ఊరుకుంటాడా అక్కా?"

"గోడకి అవతల ముట్టుకోం. ఇవతల పొగ మింగేది మనమే కదయ్యా."

మర్నాడు పొయ్యి చల్లగా ఉండగానే పని పట్టారు. బూడిద ఎత్తారు. పొయ్యి అడుగు ఊచల మధ్య ఇరుక్కున్న మేకులు పీకారు. పొయ్యి తలుపు అంచున సందు మూసే తాడు పొడిపొడిగా రాలుతుంటే, వేడికి కాలని కొత్త తాడు బిగించారు. అతుకులన్నిటికీ బంకమన్నూ బూడిదా కలిపి మెత్తి, పైన ఇనప పట్టీలు వేశారు. ఈగ దూరే సందు లేదు. అంటించారు. షెడ్డులో గాలి కడిగినట్టయింది. మధ్యాహ్నానికల్లా పెద్దక్క కుట్టు గీత గీసినట్టు పోతోంది.

పొగ మటుకు గోడ దాటి, మసిగడ్డను గుద్దుకుని, వంపు అతుకులోంచి యజమాని గదిలోకి దిగింది.

ఆయన పొగ అనలేడు. అంటే అల్లుడు దండగని కూతురికి చెప్పుకోవాలి. అందులోనే కూర్చున్నాడు. అల్లుడూ ఎదురుగా కూర్చున్నాడు. గాలి ఎంత హాయిగా ఉందోనని మామ, అంతా మీ దయేనని అల్లుడు, దగ్గుకీ దగ్గుకీ మధ్య చెప్పుకుంటున్నారు.

వారం ఆఖర్న పెద్దక్కకు పిలుపొచ్చింది. దగ్గు తగ్గిందని కత్తెరాయన వెళ్లి చెప్పాడు గానీ, యజమాని అన్నమాట వెనక్కి తీసుకునే రకం కాదు. ఆమె లోపలికెళ్లి తలుపు పక్కన నిలబడింది. ఆ పొగలో కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడలేదు.

యజమాని మూలనున్న కోట్ల స్టాండు వైపు తిరిగాడు. "నీ మీద నాకేం కోపం లేదమ్మా. ఆ దగ్గుతోనే వచ్చింది చిక్కు," అని తనే కాసేపు దగ్గాడు. స్టాండు పలకలేదు. "ఈ అణకువ ముందే ఉంటే బాగుండేది. రేపట్నుంచి రాకు. అల్లుడూ, గేటు దాకా దిగబెట్టు."

అల్లుడు తడుముకుంటూ వెళ్లి స్టాండు భుజం పట్టుకున్నాడు. పెద్దక్క పక్కకు జరిగి తలుపు తీసి పట్టుకుంది. మెట్లున్నాయమ్మా, జాగ్రత్త అంటూ అతను దాన్ని నడిపించుకుపోయాడు.

గేటు దగ్గర వెలుతురులో అతనికి చేతిలో ఉన్నదేమిటో కనిపించింది. కానీ పొగలో పొరబడ్డానని చెప్పాలంటే ముందు పొగ ఉండాలి కదా. స్టాండును రోడ్డు మీద నిలబెట్టి, ఆరోగ్యం చూసుకోమని చెప్పి వచ్చేశాడు. పెద్దక్కను పంపేశానని మామగారికి విన్నవించాడు.

అప్పటికి పెద్దక్క పొయ్యిలో ఇంకో రెండు దుంగలు వేసి, మిషను ముందు కూర్చుని కుడుతోంది.