నిలబడ్డవాళ్ళంతా ఒప్పుకున్నట్టే

ఆ ఊళ్ళో సభ అంటే జనానికి ముందు గుర్తొచ్చేది ఛైర్మన్ గారు కాదు, కుర్చీలక్క. నలుగురు కూడే చోటు ఏదైనా సరే, ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకిచ్చేది ఆవిడే. కొడుకు వ్యాను నడుపుతాడు, ఆవిడ నోరు నడుపుతుంది. తన కుర్చీ కాలు విరిగితే తప్పు కూర్చున్నవాడిదే తప్ప కుర్చీది కాదని వాదించి, ఎదుటివాడి చేత క్షమాపణ చెప్పించుకుని మరీ వచ్చే మనిషి. ఆవిడతో పెట్టుకోవడం కంటే విరిగిన కుర్చీ మీద కూర్చోవడమే నయమని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఊరి సభకు ఒక పద్ధతుంది. చేతులెత్తడాలూ చీటీలు వెయ్యడాలూ ఉండవు. తీర్మానానికి ఒప్పుకునేవాళ్ళు లేచి నిలబడాలి, గుమాస్తా తలలు లెక్కపెట్టాలి, హాల్లో సగం మందికి పైగా నిలబడితే నెగ్గినట్టు. వినడానికి బాగానే ఉంది. కానీ హాలు నిండా జనం వస్తారు, కుర్చీలు మాత్రం ముందు వరసలకే తెప్పిస్తారు. మిగిలినవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడతారు. నిలబడ్డవాళ్ళంతా ఒప్పుకున్నట్టే కదా మరి. అందుకే ఛైర్మన్ గారు పెట్టిన తీర్మానం ఓడిపోవడం ఆ ఊళ్ళో ఎవరూ కళ్ళతో చూడలేదు. ఆసుపత్రి సందులో దీపం తీసేస్తామన్నప్పుడు, వద్దని పోట్లాడటానికి వెళ్ళిన కూరగాయలామె కుర్చీ దొరక్క వెనక నిలబడింది. పాపం, తీసెయ్యమన్నవాళ్ళ లెక్కలో పడిపోయి ఇంటికొచ్చింది. ఆ చీకట్లో కాలు బెణికాక గానీ ఆవిడకు సంగతి బోధపడలేదు. ఊరంతా కడుపుబ్బ నవ్వింది. పద్ధతి మార్చాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడొచ్చిన తీర్మానం బజారు మధ్యలో ఉన్న ఆడవాళ్ళ మరుగుదొడ్డి గురించి. అది కొట్టేసి, ఆ జాగాలో కార్లు నిలుపుకునే ఏర్పాటు చేస్తారట. ఎక్కువ తహతహలాడుతున్నది బట్టల కొట్టాయన. కార్లలో వచ్చేవాళ్ళు నిలిపే చోటు లేక వెనక్కి పోతున్నారని ఆయన బాధ. మరి ఆడవాళ్ళ సంగతేమిటంటే, తర్వాత ఎక్కడో ఒకచోట కొత్తది కడతామన్నారు. ఎక్కడో ఎవరికీ తెలీదు, ఎప్పుడో అసలే తెలీదు.

కుర్చీలక్క కోడలు పనిచేసేది ఆ బట్టల కొట్లోనే. పొద్దున వెళ్ళి తానులు విప్పి చూపించి, మళ్ళీ మడతపెట్టి, సాయంత్రం దాకా కాళ్ళ మీదే ఉంటుంది. కొనడానికి రాని మనిషి చేత కూడా కొనిపించగలదని ఆమెకు పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఇప్పుడు ఆరో నెల. నీళ్ళు బాగా తాగమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కొట్లో పనివాళ్ళకు మరుగుదొడ్డి లేదు, బజారులో ఉన్నది అదొక్కటే. ఆమధ్య మరమ్మతులని కొన్నాళ్ళు దానికి తాళం వేస్తే, ఈ పిల్ల నీళ్ళు మానేసి జ్వరంతో మంచం పట్టింది. అప్పుడు వట్టి మనిషి. ఇప్పుడు అలా కుదరదు.

సంగతి విని కొడుకు, పోనీ కొన్నాళ్ళు పని మానేస్తే సరి కదా అన్నాడు. భార్య కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. కుర్చీలక్కకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి కార్ల కోసమో తన కోడలు ఇంట్లో కూర్చోవడమేమిటి? ఆ పిల్ల కష్టపడి తెచ్చుకున్న పేరు ఏమైపోవాలి? కొడుకుని ఆ పూట కడుపునిండా తిట్టింది. తిట్లయ్యాక కోడలి తల నిమిరి, "నువ్వు ఏడవకు అమ్మాయ్. పనీ మానొద్దు, నీళ్ళూ మానొద్దు. ఈ సభ సంగతి నేను చూసుకుంటాను" అంది.

గుమాస్తా ఎప్పటిలాగే వచ్చి ముందు వరసలకు సరిపడా కుర్చీలు పంపమన్నాడు. అలాగేనని తలూపింది. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, గోదాములో ఉన్న కుర్చీలన్నీ వ్యానుకెక్కించమంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని కొడుకు గొణిగాడు. "కంద మన ఇంట్లోనే ఉందిరా, నీ పెళ్ళామే. ఎక్కించు" అంది.

సభనాటి సాయంత్రానికి హాల్లో గోడ నుంచి గోడ దాకా కుర్చీలే. ఇదేమిటని గుమాస్తా నోరు తెరిస్తే, మిగిలినవి పెట్టుకోవడానికి గోదాములో చోటు లేదని దబాయించింది. బజారులో ఆడవాళ్ళు పనులు ముగించుకుని ఒక్కొక్కరే వచ్చారు. వెనక గోడవైపే నడవబోయి, ఖాళీ కుర్చీలు చూసి ఆగిపోయారు. ఇవి మనకేనా అని ఒకరినొకరు అడుగుతుంటే కుర్చీలక్క భుజాలు పట్టి మరీ కూర్చోబెట్టింది. కూరగాయలామె కూలబడి, చెప్పులు విడిచి, ఇలా కూర్చుని ఎన్నాళ్ళయిందోనని నిట్టూర్చింది. చివరికి కుర్చీ లేకుండా మిగిలింది కుర్చీలక్కే. తలుపు పక్కన గోడకు ఆనుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, పెళ్ళి చేసినంత సంబరంగా హాలంతా చూసుకుంది.

బట్టల కొట్టాయన లేచి చక్కగా మాట్లాడాడు. కార్లు ఆగితే బేరాలు, బేరాలుంటే పనులు, పనులుంటే ఊరు బాగు అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు, ఆడవాళ్ళే లేరు. తర్వాత ఛైర్మన్ గారు ఒప్పుకునేవాళ్ళను నిలబడమన్నారు. ముందు వరసల్లో కొందరు లేచారు. గుమాస్తా అలవాటుగా వెనక గోడవైపు చూస్తే అక్కడ బోసిగా ఉంది. కుర్చీలక్క మీసం ఒక్కటే తక్కువ, లేకపోతే మెలేసేదే.

అయితే ఛైర్మన్ గారు నిన్న మొన్న పుట్టినవాడు కాదు. హాలంతా ఒకసారి కలయజూసి, నవ్వి, గుమాస్తాను ఆగమన్నారు.

"కుర్చీలక్క ధర్మమా అని అందరూ హాయిగా కూర్చున్నారు. లేవడానికి బద్ధకించినట్టున్నారు. పోనీ, ఇవాళ్టికి తిరగేసి అడుగుదాం. ఈ తీర్మానం వద్దనేవాళ్ళు లేవండి. కూర్చున్నవాళ్ళు ఒప్పుకున్నట్టే."

కుర్చీలక్క తాను తవ్విన గోతిలో తానే పడింది. పద్ధతి మధ్యలో తిరగెయ్యడానికి వీల్లేదని అరిచింది కానీ, ఒప్పుకోనివాళ్ళకు లేవడానికి అభ్యంతరమేమిటని ఆయన ఎదురడిగారు. ఇందాక లేచినవాళ్ళు కూర్చున్నారు, మిగతా హాల్లో ఎవరూ కదల్లేదు. రోజంతా నిలబడి పీకిన కాళ్ళు ఒక కారణం. బట్టల కొట్టాయన ముందు వరసలోంచి వెనక్కి తిరిగి ఒక్కొక్క ముఖమే చూస్తూండటం ఇంకో కారణం. సగం మంది ఆయన కొట్లోనో, ఆయన అరుగు పక్కనో బతికేవాళ్ళు.

కుర్చీలక్క కొడుకుని చేత్తో పిలిచింది. కుర్చీలు తనవి, ఇప్పుడే వెనక్కి తీసుకుంటే అడిగేవాడెవడు? అద్దె గడువైపోయిందని చెప్పి వరస వరసా లాగేస్తే చచ్చినట్టు అందరూ లేస్తారు. మొదటి కుర్చీ వెన్ను మీద చెయ్యి కూడా వేసింది. ఆ కుర్చీలో ఉన్నది కోడలు.

"వద్దు అత్తయ్యా" అంది కోడలు, మెల్లగా. "కుర్చీ లాగేస్తే లేచినవాళ్ళు లేచినట్టు కాదు. మళ్ళీ పాత కథే అవుతుంది."

కుర్చీలక్క చెయ్యి తీసేసింది. కోడలు రెండు చేతులూ ఆనించి బరువుగా లేచింది. హాలంతా ఇటు తిరిగింది. బట్టల కొట్టాయన ముఖం ముడుచుకుంది. పిల్ల మాట మాత్రం తడబడలేదు.

"సార్, మీ కొట్లో ఉన్నంతసేపూ నేను ఒక్క గ్లాసు నీళ్ళే తాగుతాను. అది కూడా ఆ మరుగుదొడ్డి ఉందన్న ధైర్యంతో. అదీ పోతే నేను పనైనా మానాలి, నీళ్ళైనా మానాలి. నేను పని మానను."

కోడలు కూర్చోలేదు. ఇంత ధైర్యం ఈ పిల్లలో ఎక్కడ దాగుందోనని కుర్చీలక్క పొంగిపోయింది, ఆ వెంటనే రేపు పని ఉంటుందో ఊడుతుందోనని భయపడింది. అంతలో కూరగాయలామె చెప్పుల కోసం కాళ్ళతో తడుముకుని, దొరక్క, వట్టి కాళ్ళతోనే లేచింది. ఈసారి తెలిసే నిలబడ్డానని గుమాస్తాకు గట్టిగా చెప్పింది. హాలు నవ్వింది. ఆ నవ్వులో ఇద్దరు లేచారు, వాళ్ళ వెనక ఒక వరస లేచింది. అప్పుడు ముందు వరసలో, బట్టల కొట్టాయన పక్క కుర్చీలోంచి ఆయన భార్య లేచింది. కొట్లో రోజంతా గల్లాపెట్టె దగ్గర ఉండేది ఆవిడే. మొగుడివైపు చూడకుండా కొంగు సర్దుకుని తిన్నగా నిలబడింది. ఆయన తల దించుకున్నాడు.

గుమాస్తా లెక్కపెట్టుకుంటూ ముందు నుంచి వెనక్కి వచ్చాడు. లెక్క సగం దగ్గరే తచ్చాడుతోంది, ఇటూ తేలడం లేదు, అటూ తేలడం లేదు. ఆఖరికి తలుపు దగ్గర కుర్చీలక్క ముందు ఆగాడు. పెన్సిలు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. ఛైర్మన్ గారి వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు.

"అక్కా, నువ్వు లేచి నిలబడ్డావా, కుర్చీ దొరక్క నిలబడ్డావా?"

ఇంకోరోజైతే ఆ మాటకు అతని ఏడు తరాలూ కదిలిపోయేవి. కుర్చీలక్క ఇవాళ మాత్రం, కోడలు వదిలిన కుర్చీ దగ్గరకు లాక్కుని, అందులో కూర్చుంది. వెనక్కి జారగిలబడి, కాళ్ళు చాపి, తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది. హాలంతా చూస్తూనే ఉంది. అప్పుడు మోకాళ్ళ మీద చేతులానించి లేచి, కోడలి పక్కన నిలబడింది.

"ఇప్పుడు లెక్కపెట్టు" అంది.

గుమాస్తా ఆవిడను కలుపుకున్నాడు. సగం దాటింది.