కుళాయాయన సినిమా

మూకుట్లో కోడి ముక్కలు వేగుతుండగా పెరట్లో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. దేవమణి మంట తగ్గించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వెళ్లి చూసింది. కుళాయి కట్టేసే ఉంది. చుక్క కూడా లేదు. తిరిగి వచ్చి గరిటె పట్టుకుంటే మళ్లీ అదే ధార, ధార కింద గిన్నె నిండుతున్న చప్పుడు. అప్పటికి గానీ అర్థం కాలేదు, అది ముందుగదిలో టీవీలో ఆడుతున్న సినిమాలోదని. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది ఎనభై ఏడో సంవత్సరం. బెంగాల్లోని రైల్వే ఊళ్లో, ట్రాఫిక్ కాలనీలో వాళ్ల క్వార్టరుకు టీవీ వచ్చి ఏడాది. ఆదివారం ఆరాధన ముగించుకుని ఇల్లు చేరేసరికి పన్నెండున్నర అవుతుంది. ఒంటిగంటన్నరకు దూరదర్శన్‌లో ఏదో ఒక భాష సినిమా, వంతు వస్తే బెంగాలీది. భర్త విల్‌ఫ్రెడ్ వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా, కాలనీ ఫిలిం క్లబ్బుకు కార్యదర్శి. ఆయనా, ఆయన స్నేహితులు నలుగురూ టీవీ ముందు కూర్చుంటారు. భోజనాలు కూడా అక్కడే.

దేవమణికి బెంగాలీ బడిలోనే వచ్చింది. రానిదల్లా తీరిక. తెరమీద పేర్లు పడే వేళకు తాలింపు దగ్గర, కథ ముదిరే వేళకు వడ్డనలో, ఆఖరికి వచ్చేసరికి ఎంగిలి పళ్లేల దగ్గర ఉంటుంది. పెళ్లయి పదకొండేళ్లు, ఒక్క సినిమా మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూసి ఎరగదు. "కుర్సీలో కూకుంటే కూర ఉడకదమ్మా" అనేది అత్త ఎలీసమ్మ, నవ్వుతూనే. నవ్వుతూ అన్న మాటకు కోపం తెచ్చుకుంటే తప్పు మనదే అయిపోతుంది కదా, అందుకని దేవమణి కూడా నవ్వేది.

పేర్లు ఏనాడూ చూడలేదు గనుక దర్శకులకు తనే పేర్లు పెట్టుకుంది. మనిషిని చూపించే ముందు గడపలో చెప్పులు చూపించేవాడు చెప్పులాయన. ఇంట్లో ఎంత ఏడుపు సాగుతున్నా కిటికీ అవతల ఎవరో ఒకరిని తమ పాటికి తాము నడిచిపోనిచ్చేవాడు కిటికీలాయన. ఈయన ఇవాళ్టినుంచి కుళాయాయన. ఆడమనిషి ఒక్కతే పని చేసుకుంటుంటే వీణలూ వేణువులూ వాయించకుండా ఆ పని చప్పుడే వినిపించాడు. పొద్దున లేచింది మొదలు తను చేసే చప్పుళ్లను లోకంలో ఒకడు చెవి ఒగ్గి విన్నాడు, పదిమందికీ వినిపించదగ్గవే అనుకున్నాడు. ఆ సినిమా కథ సగమే తెలుసు, అయినా అది ఆమెను వదల్లేదు. గిన్నెలు తోముతూ తన చప్పుడు తనే ఆగి ఆగి వినేది. నీకేం అనిపించిందని ఎవరైనా ఒక్కసారి అడిగితే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయేది.

ఎవరూ అడగలేదు. ఉండబట్టలేక, బట్టలు మడతపెడుతూ తను కుళాయి చూడ్డానికి లేచిన సంగతీ, చెప్పులాయన సంగతీ తనే విల్‌ఫ్రెడ్‌కు చెప్పింది. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నాడు.

నెలాఖరు ఆదివారం క్లబ్బు సమావేశం. మరిచిపోలేని దర్శకుల గురించి సభ్యులు మాట్లాడాలి. సభ్యులంటే మగవాళ్లే, వాళ్ల ఆడవాళ్లు వరండాలో టీ కాస్తారు. దేవమణి కప్పులు పేరుస్తుండగా లోపల్నుంచి భర్త గొంతు వినిపించింది. "మొన్న సినిమా సూస్తా సూస్తా, మా పెరట్లో కుళాయి కట్టడానికి నేను లేచినాను. తీరా ఎల్లి సూస్తే కట్టే ఉంది. ఆ సప్పుడు సినిమాలోది. సంగీతం మానీసి పని సప్పుడు ఇనిపించినాడు. అదండీ డైరెక్టరంటే." చప్పట్లు మోగిపోయాయి. ఈ పదకొండేళ్లలో ఆయన ఆ కుళాయి ఎటు తిప్పితే ఆగుతుందో ఎరగడు. సంఘపెద్ద సమూయేలుగారు టీ అందుకుంటూ "మీ ఆయన సెవి గొప్పదమ్మా" అన్నారు. దేవమణి "పంచదార సరిపోయిందాండీ" అంది.

ఇంటికొచ్చాక అడిగింది. "అది నేను సెప్పిన మాట కదండీ."

విల్‌ఫ్రెడ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. దొంగతనం చేశానన్న ఊహే ఆయనకు లేదు. "మనలో మనకి నీదేటి, నాదేటి మణీ? ఏక శరీరమని పెళ్లిలో పాస్టరుగారు సదవనేదా?"

చదివారు, నిజమే. ఏక శరీరమైతే నడుంనొప్పి ఎప్పుడూ ఒకరికే ఎందుకొస్తుందో అది మాత్రం పాస్టరుగారు చదవలేదు. ఆ వారమంతా దేవమణి టీవీ వైపు చెవి పెట్టలేదు. చివరికి తన చెవులు తనకే బరువనిపించి ఏడ్చింది.

మరుసటి నెలలో ఒక సాయంత్రం విల్‌ఫ్రెడ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన అక్కడ నిలబడటమే అపురూపం. "మణీ, ఆ సెప్పులు సూపించే డైరెక్టరున్నాడు కదా. ఆయన సినిమాలు సూస్తే నీకేటి అనిపిస్తాది?" అన్నాడు మెత్తగా.

దేవమణి గరిటె పక్కన పెట్టింది. పదకొండేళ్లుగా ఆమె ఎదురుచూసిన ప్రశ్న అది. చెప్పాల్సింది ఎంతో ఉంది. ఆ సినిమాల్లో మగవాళ్ల చెప్పులు రోజుకొక చోట ఉంటాయి, ఇల్లాలి చెప్పులు మాత్రం తను ఎప్పుడు తొంగిచూసినా ఒకే మూల కదలకుండా ఉంటాయి. ఎవరూ చూడరని తెలిసీ ఆ దర్శకుడు వాటిని అక్కడ పెట్టించాడు. చెబుదామని నోరు తెరిచి, భర్త వైపు తిరిగింది. ఆయన చేతిలో నోటుపుస్తకం, మూత తీసిన పెన్ను ఉన్నాయి.

వట్టి చేతులతో వచ్చి అడిగి ఉంటే బతికినన్నాళ్లూ చెప్పేది.

"శానా అనిపించింది," అంది. "ఆదివారం మీటింగుకి నేనొచ్చి సెప్తాను."

"నువ్వా? మరి టీ ఎవరు పెడతారు?"

ఆయన అడిగింది పరాచికం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"ఆ పూటకి టీ వద్దు," అంది. "మీరు కూకోని ఇనండి."