బల్ల మీద రెండు డబ్బాలు

కొట్లో కొన్న తూటాలతో వేటాడేవాణ్ణి ఆర్విడ్ మనిషి కింద జమకట్టడు. మోంటానా కొండల్లో ఎల్క్ దుప్పి ఎముక ఎంత మొండిదో ఆయనకు తెలుసు. తేలిక గుండు భుజానికి తగిలితే పైపైనే చితికిపోతుంది. పాపం ఆ జంతువు కుంటుకుంటూ పోయి ఏ పొదలోనో కుళ్ళి చస్తుంది. అందుకే బరువైన గట్టి గుండు ఎంచి, తుపాకి మందు తూచి, కూతురు కారిన్ తూటాలన్నీ తానే నింపేవాడు. భార్య ఆల్మా పోయాక ఆయన్ని బతికిస్తున్న పని అదొక్కటే.

ఈ ఏడు తూటాల పెట్టె కోసం కారిన్ గరాజ్‌లోకి వెళ్ళేసరికి, బల్ల మీద మందు డబ్బాలు రెండు, మూతలు తీసి ఉన్నాయి. ఆమె అక్కడే ఆగిపోయింది. బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలన్నది ఆ ఇంట్లో వేదవాక్కు. ఆ రెంటిలో ఒకటి రైఫిల్ మందు, నెమ్మదిగా మండుతుంది. రెండోది పిస్తోలుది, భగ్గున మండుతుంది. అది పొరపాటున రైఫిల్ తూటాలో పడిందా, తుపాకీ మొహం మీదే పేలుతుంది.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తావ్?" ఆర్విడ్ పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. "ఈసారి గుండు ఇంకాస్త బరువు. ఎముకలోంచి అటు దూసుకుపోద్ది. కొట్టు సరుకు జోలికెళ్ళావో, గుమ్మం తొక్కనివ్వను."

"సరే నాన్నా."

ఈమధ్య ఆయన పొయ్యి మీద కాఫీ మరిచిపోతున్నాడు. ఆమెను తల్లి ఆల్మా పేరుతో పిలుస్తున్నాడు. అవన్నీ నవ్వేసి ఊరుకుంది గానీ, నీ చేతిని నమ్మలేనని ఆ మనిషితో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. దారిలో కొట్టు దగ్గర ఆగి, దొంగలా తల వంచుకుని ఒక పెట్టె కొంది. తండ్రి ఇచ్చింది ట్రక్కు సీటు కిందే ఉండిపోయింది.

వేట ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆర్విడ్ కోటైనా లేకుండా మంచు పడ్డ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయి, లేవలేక చెయ్యి చాచాడు. పేల్చిన తూటా ఖాళీ గుల్ల ఆయనకివ్వడం ఆనవాయితీ, మళ్ళీ నింపుకుంటాడు. ఇంకో అబద్ధం ఆడలేక, కారిన్ కొట్టు గుల్లనే ఆయన అరచేతిలో పెట్టింది.

ఆర్విడ్ దాని అడుగున చెక్కిన కంపెనీ పేరు చూశాడు.

"ఇది మనది కాదు."

"కాదు నాన్నా. తప్పయింది. బల్ల మీద..."

"రెండు డబ్బాలు," అన్నాడు ఆర్విడ్. "నువ్వెళ్ళాక చూశా. దేన్లోంచి పోశానో ఎంత కొట్టుకున్నా గుర్తు రాలా. ఫోన్ చేస్తే మోగలా. షెరీఫ్‌కి చెబుదామంటే నువ్వు ఏ కొండకెళ్ళావో అదీ గుర్తు లేదు. నా బిడ్డను నేనే చంపుకున్నాననుకుని ఇక్కడే కూర్చున్నా."

గుల్లను గుండెకి అదుముకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా మాట వినలేదు నువ్వు. మంచి పని చేశావు తల్లీ."

ఆ సాయంత్రం రెండు డబ్బాల మందూ పెరట్లో గడ్డి మీద ఎరువులా చల్లేశారు. కారిన్ ఆయన చెయ్యి పట్టుకుంది.

"వచ్చే ఏడు మందు నేను పోస్తాలే నాన్నా. ఏ గుండో నువ్వు చెప్పు, చాలు."

ఆర్విడ్ ఆమె మొహంలోకి చూశాడు.

"బరువైందే తియ్యి ఆల్మా," అన్నాడు. "అమ్మాయి ఎల్క్‌కి వెళ్తోంది."

"అలాగే," అంది కారిన్.